మొక్కు లేకపోయినా కొండెక్కుదాం!

సెలవులకి ఎక్కడికి వెళ్ళినా మన ఆడవాళ్ళకి మారేది వంటిల్లు ఒక్కటేనని మీకెప్పుడైనా అనిపించిందా? పుట్టింటికి వెళితే వదినకి సాయం, ఆడపడుచు ఇంటికి వెళితే ఆవిడకి సాయం. పోనీ ఊటీకో అరకుకో వెళదామంటే పిల్లల స్వెట్టర్లు, అత్తగారి మాత్రలు, శ్రీవారి మఫ్లరు... అన్నీ సర్దేదీ మనమే, విప్పేదీ మనమే! ఫోటోల్లో మనం వుంటాం గానీ చేతిలో ఒక సంచీ కూడా వుంటుంది. కావాలంటే మీ ఇంట్లో ఆల్బమ్ తీసి చూడండి.

ఇప్పుడు నేను చెప్పబోయేది అలాంటి సెలవు గురించి కాదు. మన కాళ్ళతో మనం నడిచి, మన చేతులతో రాయి పట్టుకుని ఎక్కి, చెమట పట్టి, ఆకలేసి, ఎవరైనా వడ్డిస్తే తిని వచ్చే సెలవు గురించి.

మధ్యధరా సముద్రంలో క్రీట్ అని గ్రీసు దేశానికి చెందిన పెద్ద ద్వీపం ఒకటుంది. అక్కడ సమారియా అనే లోయలో 16 కిలోమీటర్లు నడవడానికి దేశదేశాల వాళ్ళూ వస్తారు. పైన కొండల్లో పొద్దున్నే మొదలుపెట్టి, రాళ్ళ మధ్య దిగుతూ దిగుతూ చివరికి సముద్రం ఒడ్డున తేలతారు. ఆ చివరి ఊరికి రోడ్డు లేదు, పడవెక్కి వెనక్కి రావాలి. మే నుంచి అక్టోబరు వరకే లోపలికి వెళ్ళనిస్తారు, వానాకాలంలో ఏరు పొంగుతుంది కనుక. అలాగే కాలిమ్నోస్ అనే చిన్న ద్వీపంలో ఒకప్పుడు మగవాళ్ళు సముద్రం అడుగుకి దిగి స్పాంజీలు తెచ్చి బతికేవారు. 1996లో ఒక ఇటలీ ఆయన అక్కడి సున్నపురాయి కొండల్ని చూసి, ఇవి తాళ్ళతో ఎక్కడానికి బహు బాగున్నాయని కనిపెట్టాడు. ఇప్పుడు ఆ ఊళ్ళలో అద్దె గదులకీ హోటళ్ళకీ ఆ కొండలెక్కేవాళ్ళే ముఖ్యమైన బేరం. వాళ్ళలో జుట్టు నెరిసిన ఆడవాళ్ళూ వుంటారు. వాళ్ళు అక్కడికి వెళ్ళేది ఏ దేవుడి దర్శనానికో కాదు. ఊరికే, నడవడానికి!

'విమానం టిక్కెట్టూ, వీసా... అదంతా మనవల్ల అయ్యే పనేనా?' అంటారు కదూ! క్రీట్ దాకా ఎందుకండీ, మీరు యాదగిరిగుట్టకి ఎన్నిసార్లు వెళ్ళారో చెప్పండి. మా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వైపు ఇళ్ళల్లో పెళ్ళయినా, పరీక్ష పాసయినా, కొత్త స్కూటరు కొన్నా గుట్ట బస్సు ఎక్కాల్సిందే. ఆ దారిలో, గుట్టకి ఇంకా పదిహేను కిలోమీటర్లు వుందనగా, కిటికీలోంచి ఒక నల్లటి పెద్ద బండ కనిపిస్తుంది. ఒకే రాయి! అయిదు వందల అడుగుల పైచిలుకు ఎత్తు. పడుకున్న ఏనుగులా వుంటుందంటారు. అదే భువనగిరి కోట. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలంలో కట్టారనీ, ఆయన పేరుమీదే ఆ ఊరికి పేరొచ్చిందనీ చెబుతారు. మనమేమో ఇన్నేళ్ళూ దానికి కిటికీలోంచే దణ్ణం పెట్టి, పులిహోర ప్రసాదం తిని తిరిగొచ్చేశాం.

ఆ బండ పక్కనే తాళ్ళు కట్టి రాళ్ళెక్కడం నేర్పే స్కూలుంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా చర్ల వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు, మొదట చెయ్యి పెట్టింది ఈ భువనగిరి రాతిమీదే. తరువాత డార్జిలింగ్‌లోనూ లద్దాఖ్‌లోనూ శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పధ్నాలుగేళ్ళు నిండలేదు. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలూ పూర్తి చేసింది.

'అది చిన్నపిల్ల, మనకి నలభై దాటాయి' అంటారు. సరే, జపాను ఆవిడ సంగతి చెబుతాను. జుంకో తాబెయి 1975 మే 16న ఎవరెస్టు ఎక్కింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి ఆడమనిషి ఆవిడే. అప్పటికి ఆవిడ వయసు 35, ఇంట్లో మూడేళ్ళ కూతురు. డబ్బు అడగడానికి వెళితే, ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని పిల్లల్ని పెంచుకోక మీకెందుకీ కొండలని ముఖం మీదే అన్నారట. ఆవిడ పియానో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టింది. పాత కారు కవర్లు కత్తిరించి నీళ్ళు పట్టని చేతి తొడుగులు కుట్టుకుంది. కుట్టు మిషను వున్న మనకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది, అవునా! శిఖరానికి పన్నెండు రోజుల ముందు మంచుచరియ విరిగిపడి డేరాలోనే కూరుకుపోయింది. అయినా లేచి వెళ్ళింది.

మన దేశంలో 1984లో ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్, 2022లో యాభై దాటిన ఆడవాళ్ళని కూడగట్టుకుని అరుణాచల్ ప్రదేశ్ దగ్గర నడక మొదలుపెట్టి లద్దాఖ్‌లోని ద్రాస్ వరకూ వెళ్ళారు. అయిదు నెలలు పట్టింది. ఆ జట్టులో గృహిణులున్నారు, అమ్మమ్మలున్నారు.

మీరనుకుంటున్నట్టు ఇది మనకి కొత్త పనేమీ కాదు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. తొమ్మిది కిలోమీటర్ల దారి. చంకలో పిల్లవాడితో ఎక్కలేదూ? ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ వంగి లేచి వంగి లేచి ఎక్కినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అరుణాచలంలో 14. అవన్నీ చెప్పులు లేకుండా చేసిన కాళ్ళు మనవి. ఆ కాళ్ళే భువనగిరి అనగానే 'అమ్మో, మోకాళ్ళు' అంటాయి. మొక్కు వుంటే నొప్పి గుర్తురాదు. ఇంట్లోవాళ్ళూ అడ్డు చెప్పరు. మొక్కు లేకుండా, ఊరికే నాకు ఎక్కాలనుంది అంటే మాత్రం ఇంట్లో అందరూ తలెత్తి చూస్తారు! నాకైతే చిక్కంతా ఇక్కడే వుందనిపిస్తుంది. మోకాళ్ళలో కాదు.

అశోక్‌నగర్ వదినగారి మాట చెప్పకుండా వుండలేను. ఇందిరా పార్కులో పొద్దున్నే నడిచే మా అయిదుగురిలో ఆవిడ ఒకరు. 49 ఏళ్ళు. హిమాలయాల్లో నడవాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. వాళ్ళాయన చెడ్డవాడేం కాదు, 'పదిరోజులు అమ్మని ఎవరు చూస్తారు చెప్పు?' అన్నాడు. నిజమే కదా! ఆవిడ అలగలేదు, ఏడవలేదు. ఆడపడుచుకి ఫోను చేసి, మే నెలలో పదకొండు రోజులు నువ్వొచ్చి వుండు, దసరాకి నీ కూతురి పురుడు నేను చూసుకుంటానని బేరం కుదుర్చుకున్నారు. డబ్బు రెండేళ్ళు కట్టిన చీటీ పాటలోది. చివరికి అత్తగారికి చెప్పాల్సి వచ్చింది. పెద్దావిడ అడిగిన మొదటి ప్రశ్న, 'ఏం మొక్కుకున్నావే?' అని. 'మొక్కేం లేదత్తయ్యా, వెళ్ళాలనుంది' అన్నారట ఈవిడ. పెద్దావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. రాత్రి పక్క సర్దుతుంటే, బీరువాలో నా కాశ్మీరు శాలువా వుంది, తీసుకెళ్ళు, చలేస్తుంది అన్నారట.

చెప్పకుండా వెళ్ళమని నేననను. మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు. కానీ అనుమతి అడగడం వేరు, ఏర్పాటు చేసి చెప్పడం వేరు. వదినగారు చేసింది రెండోది.

ఇక మా అయిదుగురి భువనగిరి కథ. 2023 డిసెంబరులో ఒక ఆదివారం. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్ దగ్గర మారితే ఉప్పల్. అక్కడినుంచి గుట్ట బస్సు. అంతే! అంతకుముందు ఒకసారి వేరే ట్రావెల్స్ వాళ్ళతో ఇంకో కొండకి వెళ్ళాం లెండి. ఫ్యామిలీ అడ్వంచర్ అని రంగుల కాగితం ఇచ్చారు. తీరా వెళ్ళాక మగవాళ్ళకీ పిల్లలకీ తాళ్ళు కట్టి, ఆడవాళ్ళని చెట్టు కింద కూర్చోబెట్టి అంత్యాక్షరి ఆడించారు. అందుకే మీరు డబ్బు కట్టేముందు 'మేమూ ఎక్కుతామా?' అని అడగండి. హెల్మెట్లు ఎన్ని వున్నాయి, నేర్పేవాళ్ళు ఎక్కడ శిక్షణ పొందారు, ఆడ శిక్షకులున్నారా, ఇవన్నీ అడగడానికి మొహమాటపడొద్దు. చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూడమూ?

భువనగిరిలో తాళ్ళు లేకుండానే కోట పైకి వెళ్ళొచ్చు. రాతిలో చెక్కిన మెట్లున్నాయి. నిదానంగా వెళితే గంటలోపే. పైన కూలిన రాజమందిరం, నీటి గుంటలు, చుట్టూ పొలాలు, చెరువులు. తాడుతో ఎక్కడం వేరే సంగతి. నడుముకీ తొడలకీ పట్టీలు బిగిస్తారు, నెత్తిన హెల్మెట్టు. తాడు ఒక కొస మన నడుముకి, పైన కొక్కెంలోంచి వచ్చి రెండో కొస కింద నిలబడ్డ మనిషి చేతిలో. మనం ఎక్కుతున్నకొద్దీ ఆ మనిషి తాడు లాగి పడతాడు. కాలు జారితే అడుగో రెండడుగులో జారి వేలాడతాం, అంతే. మొదటిసారి జారేదాకా ఆ తాడు మీద నమ్మకం కుదరదు, జారాక భయం పోతుంది!

అందరూ చేతులకి బలం కావాలనుకుంటారు. కాదట! బరువంతా పాదాల మీద వుండాలి. మనది గ్రానైటు, గరుకురాయి. రబ్బరు అడుగు బూటు దానిమీద బాగా పట్టు చిక్కించుకుంటుంది. భయమేసి బండని కావలించుకున్నామో, పాదం మీద బరువు తగ్గి జర్రున జారుతుంది. ఒంటిని కాస్త వెనక్కి వుంచి నిలబడితే జారదు. నారాయణగూడ పిన్నిగారికి 58. మాలో అందరికన్నా తేలిగ్గా ఎక్కింది ఆవిడే. చిన్నప్పటినుంచీ గొంతుకూర్చుని రోట్లో రుబ్బీ, ముగ్గులు పెట్టీ ఆవిడ తొడల్లో వున్న బలం, జిమ్ముకి వెళ్ళే మా అమ్మాయికి లేదు. దిగడం మాత్రం ఆవిడకీ చెమటలు పట్టించింది. గుట్ట అంచున వీపు గాలివైపు తిప్పి వెనక్కి వాలాలి. మనసు ఒప్పుకోదు. ఆవిడ పది నిమిషాలు అంచునే నిలబడి మా అందరి తాతముత్తాతల్నీ తలచుకున్నారు. తరువాత దిగారు. దిగి, మళ్ళీ ఎక్కుతానన్నారు.

రాతి కొండలకి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. వేసవిలో బండ పెనంలా కాలుతుంది, వానల్లో నాచు పట్టి జారుతుంది. పొద్దున్న ఏడింటికల్లా కింద వుండాలి. రాళ్ళు వద్దు, చెట్లు కావాలంటారా, వికారాబాద్ దగ్గర అనంతగిరి వుంది. మన మూసీ పుట్టేది అక్కడే. రైల్లో వెళ్ళొచ్చు. దానికి దగ్గర్లోనే కోటిపల్లి చెరువులో లైఫ్ జాకెట్ వేసి చిన్న పడవ మీ చేతికే ఇస్తారు, మీరే తెడ్డు వేసుకోవాలి. ఆమాటకొస్తే అంతదూరం ఎందుకు? ఇందిరా పార్కు నుంచి నడిచిపోయేంత దూరంలో హుస్సేన్‌సాగర్ వుంది. వానాకాలం గాలికి అక్కడ తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలు ఆ పడవలు నడుపుతూ కనిపిస్తారు. ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న పొత్తు తింటూ ఆ తెల్ల తెరచాపల్ని చూసే వుంటారు మీరు.

హిమాలయాలకి వెళ్ళాలనుకునేవాళ్ళు యూత్ హాస్టల్స్ అసోసియేషన్ గురించి తెలుసుకోండి. పేరుకి యూత్ గానీ మనలాంటివాళ్ళని కూడా రానిస్తారు. సికింద్రాబాద్‌లో బోట్స్ క్లబ్ వెనకాల వాళ్ళ హాస్టలుంది. ప్రైవేటు వాళ్ళకన్నా ఖర్చు చాలా తక్కువ. భోజనం శాకాహారం, అది మనకి పెద్ద నిశ్చింత. డాక్టరు సర్టిఫికెట్టు అడుగుతారు. వదినగారు వెళ్ళిన సార్ పాస్ హిమాచల్‌లో 13,800 అడుగుల ఎత్తు. మొదటి రోజులు కిందనే వుంచి అలవాటు చేసి అప్పుడు పైకి పంపుతారు, ఎందుకంటే ఎనిమిది వేల అడుగులు దాటాక గాలిలో ప్రాణవాయువు పలచబడి తలనొప్పి, వాంతి, నిద్రపట్టకపోవడం వస్తాయి. అవి వస్తే దాచుకోకుండా చెప్పాలి. తగ్గకపోతే కిందికి దిగడం తప్ప వేరే మందు లేదనుకోండి. ఇంట్లో జ్వరం దాచుకుని వంట చేసే అలవాటు అక్కడ పనికిరాదు. బీపీ, సుగరు, ఆయాసం వున్నవాళ్ళు ముందుగా మీ డాక్టరుతో మాట్లాడాలి. సుగరు మందులు వాడేవాళ్ళకి ఎక్కువ నడిస్తే సుగరు మరీ పడిపోవచ్చు, జేబులో చక్కెర బిళ్ళలు వుండాలి.

ఒక మాట సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. బయటికి వెళుతున్నామంటే మనం మొదట మానేసేది మంచినీళ్ళు, బాత్‌రూము ఎక్కడ దొరుకుతుందో అని. కొండల్లో అది ప్రమాదం. ఒళ్ళు ఎండిపోతే తల తిరిగి పడతాం, మూత్రంలో మంట మొదలవుతుంది. అందుకే నలుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళండి. ఇద్దరు దుపట్టా అడ్డం పట్టుకుంటే మూడో ఆవిడ పని అయిపోతుంది. నెలసరి వస్తుందేమోనని ప్రయాణం మానొద్దు. ప్యాడ్లు, పాత పేపర్లు, ఒక జిప్ కవరు పెట్టుకోండి. వాడినవి కొండమీద పారేయకుండా ఆ కవర్లో వెనక్కి తెచ్చేయాలి.

సాధన మన గల్లీల్లోనే చేసుకోవచ్చు. రెండు నెలల ముందు మొదలుపెట్టండి. ఇందిరా పార్కయినా, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కయినా రోజూ నలభై నిమిషాలు, కబుర్లు చెప్పుకోగలిగేంత వేగంతో. మా అపార్టుమెంటుకి నాలుగంతస్తులూ కలిపి 72 మెట్లు. రోజుకి ఆరుసార్లు ఎక్కాం, చివరి రెండు వారాలు వీపుసంచీలో మూడు కిలోల కందిపప్పు వేసుకుని! వాచ్‌మన్ భార్య ఏమనుకుందో గానీ, నాలుగో వారం నుంచి తనూ మాతో ఎక్కింది. మెట్రో స్టేషన్లో కదిలే మెట్లు వదిలి మామూలు మెట్లు ఎక్కండి. మోకాళ్ళకి ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే భారం ఎక్కువ. చిన్న అడుగులు వేస్తూ, కాస్త పక్కకి తిరిగి, చేతికర్రతో దిగితే నొప్పి తగ్గుతుంది. బూట్లు అర సైజు పెద్దవి కొనాలి, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకోకుండా. అవి కొత్తవే వేసుకుని కొండకి రాకండి, ముందు నెల రోజులు బజారుకి వేసుకుని తిరగండి. నూలు సాక్సు చెమట పట్టి బొబ్బలు తెస్తుంది, ఉన్నివో సింథటిక్‌వో మేలు. చీరతో మెట్లదారి ఎక్కొచ్చు, తాళ్ళకి మాత్రం సల్వారు కమీజే.

చివరగా తిండి. పెరుగన్నం ఎండకి పులుస్తుంది, వద్దు. కొబ్బరి వెయ్యని చింతపండు పులిహోర సాయంత్రం దాకా వుంటుంది. చెమట ఎక్కువ పడితే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగాలి, చెంచాలన్నీ టీ చెంచాలే, గీసి కొలవాలి. దారిలో నమలడానికి పల్లీ నువ్వుల ఉండలు. ఒక కప్పు పల్లీలు సన్నసెగ మీద వేయించి పొట్టు తీయండి. అర కప్పు నువ్వులు చిటపటలాడేదాకా వేయించండి. ముప్పావు కప్పు బెల్లం తురుము, అర చెంచా శొంఠిపొడి, రెండు యాలకులు చేర్చి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే నూనె తేలుతుంది. పాకం అక్కర్లేదు, ఆ కొద్ది నూనెకే ఉండ కడుతుంది. నిమ్మకాయంత ఉండలు పదిహేను దాకా వస్తాయి. మనిషికి మూడు చాలు. సంచీ దింపే పని లేకుండా అందాలి కనుక, కమీజుకి కుడివైపు లోతైన జేబు పెట్టమని మీ టైలరుకి ముందే చెప్పండి.